మిషన్ స్కూల్లో టీచరుగా విదేశానికి వెళ్తున్న మీకు

ప్రభువు నామంలో వందనాలు.

టీచర్ ట్రైనింగ్ ఈమధ్యే పూర్తయిందనీ, వేరే దేశంలోని ఒక మిషన్ స్కూల్లో రెండేళ్లు పాఠాలు చెప్పడానికి పిలుపు వచ్చిందనీ రాశారు. అక్కడ ఒంటరిగా ఎలా నెగ్గుకురావాలి, సెలవుల్లో ప్రయాణాలు ఎలా చేయాలి, బడిలో ఉంటూ సువార్త ఎంతవరకు చెప్పొచ్చు అని అడిగారు. నేను చాలా ఏళ్లు ఇలాంటి బళ్లలో పనిచేశాను. ఆ తర్వాత కొత్తగా వెళ్లేవాళ్లకు శిక్షణ ఇస్తూ వచ్చాను. మీరు చివర్లో అడిగిన ప్రశ్నకు జవాబు కుదిరితే ముందు రెండూ సగం తేలిపోతాయి. అందుకే ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. మీరు వెళ్లేది టీచరుగా. ఆ పని నిజాయితీగా, శ్రద్ధగా చేయడమే మీ పరిచర్య. సువార్త చెప్పడానికి పాఠాన్ని అడ్డం పెట్టుకుందామనుకుంటే ఆ దేశ ప్రభుత్వాన్నీ, పిల్లల తల్లిదండ్రుల్నీ మోసం చేసినట్టే. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడని మనందరం చదివాం. ఆయన డేరాలు నిజంగానే కుట్టాడు. ఆ చేతి పనితోనే పొట్టపోసుకున్నాడు.

ఈ మాటకు మొదటి పరీక్ష వీసా దగ్గరే ఎదురవుతుంది. "ముందు టూరిస్టు వీసా మీద వచ్చేయండి, వచ్చాక మార్పిద్దాం" అని పిలిచినవాళ్లు అంటే అక్కడే ఆగండి. జీతం తీసుకోకపోయినా సరే, రోజూ తరగతికి వెళ్లి పాఠం చెప్పడాన్ని చాలా దేశాలు ఉద్యోగంగానే లెక్కేస్తాయి. దొరికితే జరిమానా కట్టించి పంపించేస్తారు, మళ్లీ కొన్నేళ్లు రానివ్వకపోవచ్చు. మీతోపాటు ఆ బడి అనుమతి కూడా చిక్కుల్లో పడుతుంది. మీరు విమానమెక్కి వచ్చేస్తారు, అక్కడి హెడ్‌మాస్టరు మాత్రం ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఉంటాడు. కొన్ని దేశాల్లో మతసేవకులకు వేరే కోవ ఉంటుంది. అమెరికాకు ఆర్-1, భారతదేశానికి మిషనరీ వీసా అలాంటివే. బడిలో లెక్కలు చెప్పే మనిషికి ఆ కోవ వర్తిస్తుందా, మామూలు వర్క్ పర్మిట్ కావాలా అన్నది ఆ దేశపు రాయబార కార్యాలయాన్నే అడగండి. ఎవరో వెళ్లొచ్చినవాళ్లు చెప్పినదాని మీద ఆధారపడొద్దు.

కాగితాల సంగతికొస్తే, డిగ్రీ, ట్రైనింగ్ సర్టిఫికెట్లు, పోలీస్ క్లియరెన్స్ ఇవన్నీ అక్కడ చెల్లాలంటే ధ్రువీకరణ ఉండాలి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉంటే అపొస్టిల్ అనే ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర ఒక్కటి సరిపోతుంది. లేకపోతే రాయబార కార్యాలయం దాకా వెళ్లాలి, అది వారాల తరబడి పట్టే పని. పాస్‌పోర్టు గడువు మీరు వెళ్లే తేదీ నుంచి కనీసం ఆరు నెలలు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. రెండేళ్లు ఉండేవాళ్లు గడువు ఇంకా ఎక్కువ ఉన్న పాస్‌పోర్టుతో వెళ్లడం మేలు. ఇంకొక్క మాట. రిజిస్ట్రేషన్ కోసం స్కూలు వాళ్లు పాస్‌పోర్టు నాలుగు రోజులు తీసుకోవడం వేరు, "మా దగ్గరే ఉంచుకుంటాం" అనడం వేరు. ఎంత దైవభక్తి గల సంస్థ అయినా రెండోదానికి ఒప్పుకోకండి.

ఇక మీ అసలు ప్రశ్న. సువార్త ఎంతవరకు? ముందు చట్టం తెలుసుకోండి, ఎందుకంటే ఒక్కో దేశం ఒక్కోలా ఉంటుంది. నేపాల్ 2015 రాజ్యాంగంలోని 26వ అధికరణ ఒకరి మతం మార్చడాన్ని నిషేధిస్తుంది. ఆ తర్వాత వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు, విదేశీయులైతే శిక్ష పూర్తయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. క్రైస్తవ దేశమే కదా అనుకునే గ్రీసులో కూడా మతప్రచారం మీద రాజ్యాంగంలోనే నిషేధం ఉంది. ఒక యెహోవాసాక్షికి పడిన శిక్ష యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది. 1993లో ఆ కోర్టు, తన విశ్వాసాన్ని పంచుకోవడం వేరు, ఎదుటివారి మీద అనుచితమైన ఒత్తిడి తేవడం వేరు అని విడదీసి, శిక్ష తప్పని తీర్పు చెప్పింది. ఆ తేడా కోర్టులకే కాదు, మనకూ చాలా అవసరం. ఎందుకంటే తరగతి గదిలో ఒత్తిడి అనేది మనం తెచ్చినా తేకపోయినా ఉండనే ఉంటుంది. పెద్దవాళ్లు వీధిలో మీ మాట నచ్చకపోతే పక్కకు తప్పుకుపోతారు. బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు ఎక్కడికి పోతాడు? వాడి మార్కులు మీ చేతిలో ఉన్నాయి.

ఒక బడిలో జరిగింది చెప్తాను. తొమ్మిదో తరగతి కుర్రాడు సాయంత్రం అందరూ వెళ్లాక నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతిలో లెక్కల నోటుబుక్కు, పేజీ నిండా ఎర్ర సిరా గీతలు. వచ్చే ఆదివారం నుంచి చర్చికి వస్తానన్నాడు. సంతోషం, ఎందుకు రావాలనిపించింది అని అడిగాను. వాడు తలెత్తకుండా, నోటుబుక్కు మూల మడుస్తూ, "పరీక్షలు దగ్గరికొచ్చాయి కదా సార్" అన్నాడు. అలా రమ్మని వాడితో ఎవరూ అనలేదు. చర్చికి వచ్చే పిల్లల్ని కొందరు టీచర్లు పేరు పెట్టి పిలవడం, మిగతావాళ్లను రోల్ నంబరుతో పిలవడం వాడు చూశాడు. మిగతాది వాడే లెక్క కట్టుకున్నాడు. ఆదివారం సంగతి పరీక్షలయ్యాక మాట్లాడుకుందాం, రేపటినుంచి బడి వదిలాక గంటసేపు లెక్కలకు కూర్చో అని పంపించాను. ఆ తర్వాత హెడ్‌మాస్టరుతో మాట్లాడి, జవాబు పత్రాల మీద పేరు కనపడకుండా మడిచి దిద్దే పద్ధతి పెట్టించాం. ఆ కుర్రాడు గట్టెక్కాడు. చర్చికి వచ్చాడా లేదా అని అడుగుతారేమో. రాలేదు. నా దగ్గరికి లెక్కలకు మాత్రం ఏడాదంతా వచ్చాడు, వాళ్ల నాన్న నన్ను ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. అలాంటి గుమ్మాలు మనకు తెరుచుకునేది వాళ్ల పిల్లల విషయంలో మనల్ని నమ్మినప్పుడే.

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం 1966లో వచ్చింది. దాని 18వ అధికరణలో ఎవరినీ మతం విషయంలో బలవంతపెట్టకూడదని ఉంది. పిల్లల మత, నైతిక శిక్షణ ఎలా ఉండాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులదని కూడా ఉంది. మన సంఘాలే 2011లో ఇంకో అడుగు ముందుకేశాయి. ప్రపంచ సంఘాల మండలి, వాటికన్ సర్వమత సంభాషణ విభాగం, వరల్డ్ ఇవాంజెలికల్ అలయన్స్ కలిసి సాక్ష్యం ఎలా ఇవ్వాలన్న దాని మీద ఒక ఉమ్మడి పత్రం విడుదల చేశాయి. ప్రజల పేదరికాన్నీ అవసరాన్నీ ఆసరా చేసుకోవడం, ఆశలు చూపించడం క్రీస్తు సాక్ష్యానికి తగదని అందులో స్పష్టంగా రాశారు. కాథలిక్కులు, ప్రొటెస్టంట్లు, ఇవాంజెలికల్స్ ఒక్క కాగితం మీద ఏకమయ్యారంటే దాని వెనక ఎంత చేదు అనుభవం ఉండి ఉంటుందో ఆలోచించండి.

నేను ఆచరించే హద్దులు ఇవి. ఫీజు రాయితీ, హాస్టల్ సీటు, భోజనం, మార్కులు వీటిలో దేనికీ ప్రార్థనకు రావడంతో ముడి ఉండకూడదు. అది క్రైస్తవ బడి అనీ, ఉదయం ప్రార్థన ఉంటుందనీ చేర్పించేటప్పుడే తల్లిదండ్రులకు చెప్పి ఉండాలి, వద్దనే వీలూ ఇవ్వాలి. పిల్లలు తమంతట తాము అడిగితే మీ నమ్మకం గురించి నిజం చెప్పండి, దాచాల్సిన పనిలేదు. కానీ "మీ అమ్మానాన్నలకు చెప్పొద్దు" అనే మాట మీ నోట రాకూడదు. ఇంకో మతాన్ని తక్కువ చేసి మాట్లాడటం, వాళ్ల దేవుళ్లను ఎగతాళి చేయడం అసలే వద్దు. తోటి టీచర్లు, ఇరుగుపొరుగు పెద్దవాళ్లు వీళ్లతో సంగతి వేరు. స్నేహంలో మాట మాట పెరిగినప్పుడు విశ్వాసం గురించి హాయిగా మాట్లాడుకోవచ్చు, చట్టం ఒప్పుకున్నంత వరకు.

పిల్లల భద్రత గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ఏ పిల్లతోనూ, పిల్లవాడితోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకండి. అదనపు పాఠాలు నలుగురికీ కనిపించే చోట చెప్పండి. మీ గదికి పిల్లల్ని రానివ్వకండి, వాళ్లతో రాత్రిపూట ఫోన్లో విడిగా మెసేజీలు పెట్టుకోకండి. పిల్లల రక్షణకు రాసి పెట్టుకున్న నియమావళి ఉందా, ఫిర్యాదు ఎవరికి చేయాలి అని పిలిచిన సంస్థను ముందే అడగండి. ఆ ప్రశ్నకు చిరాకుపడే సంస్థకు వెళ్లకపోవడమే మంచిది. ఎవరైనా పిల్ల తనకు జరిగిన అన్యాయం మీతో చెప్పుకుంటే ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. విని, అదే మాటల్లో రాసిపెట్టి, ఆ బాధ్యత ఉన్నవారికి అదే రోజు అందజేయండి. పెద్దవాళ్ల పరువు కోసం ప్రార్థన చేసి సర్దేయడం పాపం. ఈ మాట అనడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

దీనికి దగ్గరి విషయమే ఫొటోలు. మిమ్మల్ని పంపిన సంఘానికి, కానుకలిచ్చేవాళ్లకు నెలనెలా ఉత్తరం రాయాల్సి వస్తుంది. చిరిగిన చొక్కాతో ఉన్న పిల్లవాడి బొమ్మ పెడితే కానుకలు ఎక్కువ వస్తాయని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. పెట్టకండి. ఆ ఉత్తరాన్ని ఆ పిల్లవాడి తల్లి పక్కన కూర్చుని చదువుతోందనుకుని రాయండి. ఈ రోజుల్లో నిజంగానే చదువుతుంది, ఫోను అందరి చేతుల్లో ఉంది. చట్టాలు కఠినంగా ఉన్న దేశంలో అయితే కొత్తగా విశ్వసించినవారి పేరు, ఊరు రాయడం వాళ్ల ప్రాణం మీదికే తేవచ్చు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. నెలకు ఎంత, ఎవరిస్తారు, ఏ దేశపు డబ్బులో ఇస్తారు, ఇల్లు ఎవరిది, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది, మధ్యలో తిరిగి రావాల్సి వస్తే టికెట్టు ఎవరిది? ఇవన్నీ కాగితం మీద ఉండాలి. "దేవుడు చూసుకుంటాడు" అనేది మన విశ్వాసం, దాన్ని కాంట్రాక్టులో షరతుగా రాయనివ్వకండి. ఇన్సూరెన్స్‌లో వైద్యం కోసం వేరే దేశానికి తరలించే ఖర్చు కూడా ఉండేట్టు చూసుకోండి. తిరుగు ప్రయాణానికి సరిపడా సొమ్ము ముట్టుకోకుండా పక్కన పెట్టుకోండి. స్టాఫ్‌రూంలో మీకన్నా అనుభవం ఉన్న స్థానిక టీచరుకు మీకన్నా తక్కువ జీతం వస్తూ ఉండొచ్చు. అది మీరు తెచ్చిన అన్యాయం కాకపోయినా మీరు బతికే తీరులో కనిపిస్తుంది. నిరాడంబరంగా ఉండండి. పాఠం విషయంలో ఆ టీచరు సలహా అడగండి, అడిగినట్టు నటించకుండా నిజంగా పాటించండి.

ఒంటరితనం తప్పదు. మొదటి నెలలు అన్నీ వింతగా, అందంగా ఉంటాయి, ఆ తర్వాతే అసలు బరువు తెలుస్తుంది. మానవ శాస్త్రవేత్త కలెర్వో ఒబెర్గ్ 1960లో రాసిన కల్చర్ షాక్ వ్యాసంలో దీని లక్షణాలు చెప్పాడు: చేతులు పదేపదే కడుక్కోవడం, తాగే నీళ్ల గురించి విపరీతమైన ఆందోళన, అందరూ మోసం చేస్తున్నారన్న భయం, ఇంటికి వెళ్లిపోవాలన్న తపన. ఇవి మీలో కనిపిస్తే విశ్వాసం సడలిందని కుంగిపోకండి. కొత్త చోట మనసు అలసిపోవడం అది. నాకు పనిచేసిన మందు భాష నేర్చుకోవడం. మొదటి మూడు నాలుగు నెలలు రోజూ కొంత సమయం దానికే పెట్టమని సంస్థతో ముందే మాట్లాడుకోండి. చర్చిలో ప్రసంగం అర్థంకాని ఆదివారాలు చాలా ఉంటాయి. అయినా మీలాంటి విదేశీయుల ఇంగ్లీషు ఆరాధనకు పారిపోకుండా అక్కడే కూర్చోండి. వెనక వరసలో పిల్లల తల్లుల మధ్య కూర్చుంటే ఒక్కో మాటా చెవిన పడుతుంది, పాట పుస్తకం చేతికిచ్చి వేలితో వరస చూపించేవాళ్లు దొరుకుతారు. ఇంటికి ఫోను రోజూ చేయొద్దనను గానీ, ఉన్న ఊళ్లో ఒక్క స్నేహం అయినా కుదిరేదాకా ఆ ఫోను వ్యవధి తగ్గించుకోండి. నిద్ర పట్టకపోవడం, ఏడుపు, పని మీద అసలు మనసు లేకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి. ప్రార్థన మానకండి, వైద్యం కూడా మానకండి.

ఇక ప్రయాణాలు. యువతకు పరాయి దేశంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పామో, దోమో, దొంగో కాదు, రోడ్డు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 5 నుంచి 29 ఏళ్లవారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే. రాత్రి బస్సులు, హెల్మెట్ లేని బైకులు, కిక్కిరిసిన వ్యాన్లు వద్దనుకోండి. మీటింగు తప్పిపోతుందని చీకట్లో బయల్దేరమని పాస్టరుగారు అన్నా సరే, పొద్దున వస్తానని మర్యాదగా చెప్పండి. ఒంటరి అమ్మాయి అయితే దిగాక ఎవరు ఎదురొస్తారో ముందే తేల్చుకోవాలి. మీరు ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి చేరతారో తెలిసిన మనిషి ఒకరు ఎప్పుడూ ఉండాలి.

సెలవుల్లో పక్క దేశానికి వెళ్లే ముందు మీ పర్మిట్ ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిందా, మళ్లీ రావడానికి వీలుందా చూసుకోండి. సరదాగా సరిహద్దు దాటి, తిరిగి రాలేక ఇరుక్కున్నవాళ్లను ఎరుగుదును. ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపాలోని షెంగెన్ దేశాలకైతే ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశంలో పనిచేస్తుంటే పసుపు రంగు టీకా పుస్తకం పాస్‌పోర్టుతోపాటే పెట్టుకోండి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, 2016 నుంచి జీవితాంతం చెల్లుతోంది. అది లేకుండా వచ్చేవారిని కొన్ని దేశాలు ఆపేస్తాయి, భారతదేశం అయితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచగలదు. సరిహద్దులో అధికారి ఏం పని చేస్తారని అడిగితే వీసాలో ఏముందో అదే చెప్పండి. టీచరుగా నిజంగా పనిచేస్తుంటే ఆ జవాబు చెప్పడానికి గొంతు తడబడదు. మీ బైబిలు మీరు చదువుకోవడానికి తీసుకెళ్లడం ఒకటి, పెట్టె నిండా కరపత్రాలు తీసుకెళ్లడం ఇంకొకటి. మాల్దీవుల వంటి చోట్ల ఇతర మతాల ప్రచార సామగ్రి తేవడం నిషేధం. కస్టమ్స్ నియమాలు ముందే చదవండి, ఇంకొకరి సంచిలో దాచి పంపే ఆలోచన చేయకండి.

ఆరోగ్యం గురించి నాలుగు మాటలే. కుక్క కరిస్తే పుండును సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే టీకాకు వెళ్లాలి, ఎంత చిన్న గాటైనా. మలేరియా ఉన్న చోటికి వెళ్తే నివారణ మాత్రలు అక్కడ ఉన్నన్నాళ్లే వేసుకుంటే చాలదు. తిరిగొచ్చాక కూడా వేసుకోవాలి, మందును బట్టి వారం నుంచి నాలుగు వారాల దాకా. తిరిగొచ్చిన ఏడాదిలోపు జ్వరమొస్తే ఫలానా దేశంలో ఉన్నానని డాక్టరుకు మీరే చెప్పాలి, వాళ్లంతట వాళ్లు అడగకపోవచ్చు.

చివరగా, వెళ్లిన రోజు నుంచే మీ తర్వాత ఆ పాఠం ఎవరు చెప్తారో ఆలోచిస్తూ పనిచేయండి. ఫ్రాంక్ లాబాక్ అనే అమెరికన్ మిషనరీ 1930లో ఫిలిప్పీన్స్‌లోని లనావోలో మరనావో ముస్లింల మధ్య అక్షరాస్యత పని మొదలుపెట్టాడు. వాళ్ల భాష నేర్చుకున్నాడు, వాళ్ల మతపెద్దల దగ్గర కూర్చుని ఖురాన్ అడిగి తెలుసుకున్నాడు, వాళ్ల భాషలోనే చదవడం నేర్పే చార్టులు తయారుచేశాడు. ఆర్థిక మాంద్యంతో మిషన్ నిధులు తగ్గి టీచర్లకు జీతాలివ్వలేని పరిస్థితి వచ్చినప్పుడు, నేర్చుకున్న ప్రతివాళ్లూ ఇంకొకరికి నేర్పాలని పట్టుబట్టింది స్థానిక నాయకుడే. "ఈచ్ వన్ టీచ్ వన్" పద్ధతి అలా నిలబడి చాలా దేశాలకు పాకింది. మీ తరగతిలో కూడా మొదటి టర్మ్ నుంచే ఒక స్థానిక టీచరును పక్కన కూర్చోబెట్టుకోండి. పాఠ్య ప్రణాళికలు, ప్రశ్నపత్రాలు, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడన్న వివరాలు అక్కడివాళ్లకు అర్థమయ్యే భాషలో ఒక ఫైలుగా రాస్తూ ఉండండి. రెండో ఏడాది సగం పాఠాలు ఆ టీచరు చెప్పాలి, మీరు వెనక బెంచీలో కూర్చుని చూడాలి. ఇలా చేయడానికి స్కూలు ఒప్పుకుంటుందో లేదో టికెట్టు కొనకముందే హెడ్‌మాస్టరుకు ఉత్తరం రాసి అడగండి. వీసా, జీతం, ఇల్లు, ఇన్సూరెన్స్, పిల్లల రక్షణ నియమాలు కూడా అదే ఉత్తరంలో అడగండి. జవాబు వచ్చాక ఏదైనా అర్థం కాకపోతే నాకు రాయండి, కలిసి చూద్దాం.